పది నానోమీటర్ల లోతులో జరిగే పని

పొద్దున్నే గుమ్మం దగ్గర పడే పాల ప్యాకెట్ రాత్రంతా క్రేట్లలో తోటి ప్యాకెట్లతో రాసుకుంటూ వచ్చినదే. కవరు నిండా నీటి చెమ్మ. అయినా దాని మీది రంగులూ అక్షరాలూ చెక్కుచెదరవు. గోటితో గీకితే తప్ప ఇంకు రాదు. రోజూ చూసేదే కాబట్టి ఇందులో వింతేముందని అనిపిస్తుంది. వింత ఉంది. ఆ కవరు పాలిథిన్. రసాయనికంగా చూస్తే పాలిథిన్‌కీ కొవ్వొత్తి మైనానికీ దగ్గరి చుట్టరికం. రెండూ కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. పాలిథిన్‌లో గొలుసు చాలా పొడవు, మైనంలో పొట్టి. మైనం మీద ఇంకు పెన్నుతో రాయబోతే ఏమవుతుందో తెలిసిందే. నిజానికి పాల ప్యాకెట్ మీద కూడా అదే జరగాలి.

జరగకపోవడానికి కారణం ఇంకు ఒక్కటే కాదు. అచ్చుయంత్రం ఎక్కేముందే ఆ ఫిల్మ్ ఒక ఊదారంగు వెలుగు కింద నుంచి వెళ్లింది. అక్కడ గడిపింది సెకనులో చిన్న వంతు. ఆ వెలుగే ప్లాస్మా, అంటే కొన్ని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. ఫిల్మ్ మందం సుమారు 50 మైక్రాన్లు (ఒక మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) అనుకుంటే, ఆ వెలుగు మార్చింది పైన 5 నుంచి 10 నానోమీటర్లు మాత్రమే. అంటే మొత్తం మందంలో పదివేలలో ఒకటి రెండు వంతులు. కింది ఫిల్మ్ బలం, సాగే గుణం, బరువు ఏవీ మారలేదు. ఈ పద్ధతి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. దాంతో వచ్చే తలనొప్పులు కూడా ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఎందుకంటే, అంత పల్చటి మార్పు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది వేరే ప్రశ్న. ప్లాస్మా గురించి రాసే చాలా వ్యాసాలు ఈ ప్రశ్న దగ్గరికి రాకుండానే ముగిసిపోతాయి.

తామరాకు మీద నీటిబొట్టులా అంటుంటాం. ఆ ఆకు మీద మైనపు పొర ఉంది, దాని మీద కంటికి కనపడని బుడిపెలు ఉన్నాయి. నీరు ఆకును పట్టుకోవడం కంటే తనను తాను గట్టిగా పట్టుకుంటుంది, అందుకే బొట్టుగా ముడుచుకుపోతుంది. ద్రవానికి తన మీద తనకుండే ఈ పట్టును తలతన్యత అంటారు, ఘన వస్తువు పైముఖానికి ఉండే పట్టును ఉపరితల శక్తి అంటారు. రెండింటినీ పరిశ్రమలో సెంటీమీటరుకు ఇన్ని డైన్లు అని కొలుస్తారు, వాడుకలో డైన్లు అనేస్తారు. గది ఉష్ణోగ్రత దగ్గర నీటి తలతన్యత సుమారు 72 డైన్లు. పాలిథిన్ ఉపరితల శక్తి 31 దగ్గర, పాలీప్రొపిలీన్‌ది 29, 30 దగ్గర ఉంటుంది. టెఫ్లాన్ అయితే 20కి అటూ ఇటూ. అందుకే దోసె పెనానికి అది పనికొచ్చింది. ఒక ద్రవం ఒక వస్తువు మీద చక్కగా పరుచుకోవాలంటే, ద్రవం తలతన్యత ఆ వస్తువు ఉపరితల శక్తి కంటే తక్కువ ఉండాలి. సాల్వెంట్ ఇంకుతో అచ్చు వేయాలంటే ఫిల్మ్ 38 డైన్లకు పైన ఉండాలని, నీటి ఇంకుకైతే ఇంకా పైకి, 42 దాకా వెళ్లాలని అచ్చు పని వాళ్లు లెక్క పెట్టుకుంటారు. మరి 31 దగ్గర పుట్టిన ఫిల్మ్‌ని 40కి ఎక్కించేది ఎలా?

ప్లాస్మా అనగానే సూర్యుడు, పిడుగు గుర్తొస్తాయి. అవీ ప్లాస్మాలే కానీ, ఇక్కడ పనికొచ్చే ప్లాస్మా ప్రతి ఇంట్లో చాలా ఏళ్లు గోడ మీదే ఉంది. వెలుగుతున్న పాత ట్యూబ్‌లైట్‌ని ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. కానీ లోపల పరుగెత్తే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పదివేల డిగ్రీల పైమాటే. ఈ రెండూ ఒకే గొట్టంలో ఎలా ఇముడుతున్నాయి? ఎలక్ట్రాన్ చాలా తేలిక. విద్యుత్ క్షేత్రం దాన్ని ఇట్టే వేగవంతం చేస్తుంది. అది వెళ్లి బరువైన వాయు పరమాణువును ఢీకొన్నప్పుడు, బండరాయికి ఆవగింజ తగిలినట్టే ఉంటుంది. రాయి కదలదు, వేడెక్కదు. పైగా లక్షల పరమాణువుల్లో ఒకటో అరో మాత్రమే విడిపోయి అయాన్ అవుతుంది. అందువల్ల వాయువు చల్లగానే ఉంటుంది, ఎలక్ట్రాన్లు మాత్రం మండిపోతుంటాయి. దీన్నే చల్లని ప్లాస్మా అంటారు. విలియం క్రూక్స్ 1879లో గాలి తీసేసిన గాజు గొట్టాల్లో ఇలాంటి వెలుగును చూసి పదార్థానికి నాలుగో స్థితి అన్నాడు. 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దానికి ప్లాస్మా అని పేరు పెట్టాడు.

ఆ ఎలక్ట్రాన్లలో చాలావాటి శక్తి ఒకటి నుంచి పది ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉంటుంది. పాలిథిన్ గొలుసులో కార్బన్, కార్బన్ బంధాన్ని తెంపడానికి సుమారు మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టులు, కార్బన్, హైడ్రోజన్ బంధాన్ని తెంపడానికి నాలుగు పైచిలుకు కావాలి. రెండు లెక్కలూ సరిగ్గా కలిశాయి. ప్లాస్మా నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు, అయాన్లు, అతినీలలోహిత కాంతి అన్నీ కలిసి పై పొరలోని గొలుసుల నుంచి హైడ్రోజన్‌లను ఊడగొడతాయి. ఊడిన చోట గొలుసుకు ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. పక్కనే గాలి ఉంది, గాలిలో ఆక్సిజన్ ఉంది. ఆ ఖాళీ చేతిని అది వచ్చి పట్టుకుంటుంది. అలా మైనంలాంటి ఉపరితలం మీద హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ సమూహాలు మొలుస్తాయి. ఇవి ఇంకునీ జిగురునీ నీటినీ పట్టుకునే కొక్కేలు. వస్తువు మొత్తం వేడెక్కకుండా, కరగకుండా, ఏ ద్రవంలోనూ ముంచకుండా ఇది జరగడమే అసలు సంగతి.

ఫ్యాక్టరీలో ఫిల్మ్‌కి చేసే దాన్ని కరోనా ట్రీట్‌మెంట్ అంటారు. 1950ల నుంచి వాడుకలో ఉంది. ఒక పక్క లోహపు రోలర్, దాని మీదుగా ఫిల్మ్. రోలర్‌కి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంలో ఎలక్ట్రోడ్. మధ్యలో ఎక్కడో ఒకచోట సిరామిక్ లేదా సిలికాన్ రబ్బరు తొడుగు తప్పనిసరి, అది లేకపోతే నిప్పురవ్వ ఒకే చోట పడి ఫిల్మ్‌కి చిల్లు పెడుతుంది. పదివేల వోల్టుల స్థాయిలో, సెకనుకు కొన్ని పదుల వేల సార్లు దిశ మారే కరెంటు ఇస్తే ఎడం పొడవునా ఊదారంగు తీగలు తీగలుగా వెలుగుతుంది. సన్నగా బుసకొట్టినట్టు శబ్దం. ఒక ఘాటు వాసన కూడా, అది ఓజోన్. వాసన వస్తోందంటే ఎగ్జాస్ట్ సరిగ్గా పని చేయడం లేదని అర్థం. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక దీన్ని అలవాటైన వాసనగా వదిలేయకూడదు.

ట్రీటర్ దాటాక ఆపరేటర్ చేతిలో ఒక పెన్ను ఉంటుంది, మార్కర్ పెన్నులాగే. దాని మీద 38 అనో 40 అనో రాసి ఉంటుంది. ఫిల్మ్ మీద ఒక గీత గీస్తాడు. తడి గీత రెండు సెకన్ల పాటు గీతగానే నిలిస్తే ఫిల్మ్ ఆ అంకె అందుకున్నట్టు. గీత చిట్లి ముత్యాల వరసలా బొట్లు బొట్లుగా విడిపోతే అందుకోనట్టు. చూడటానికి చాలా సులువైన పరీక్ష. కానీ ఈ ఒక్క గీతను నమ్ముకుని పెద్ద ఆర్డర్లు పాడవడం కూడా జరుగుతుంది. కారణాలు మూడు రకాలు, మూడూ వేరు వేరు చోట్ల దాక్కుంటాయి.

మొదటిది, ఎక్కువైతే మంచిదనే భ్రమ. పవర్ పెంచుకుంటూ పోతే డైన్ అంకె పెరుగుతుంది. 50 చూపించినా ఆశ్చర్యం లేదు. కానీ అతిగా కొట్టిన చోట గొలుసులు ముక్కలు ముక్కలై, ఆక్సిజన్ పట్టిన చిన్న చిన్న తునకలుగా పైన పొడిలా పేరుకుంటాయి. తడి గీత ఆ తునకల మీద బ్రహ్మాండంగా పరుచుకుంటుంది, ఇంకు కూడా పరుచుకుంటుంది. అయితే ఇంకు పట్టుకున్నది ఫిల్మ్‌ని కాదు, ఆ తునకల్ని. వదులుగా ఉన్న సున్నం గోడ మీద పెయింట్ వేసినట్టు. సెలోటేప్ అంటించి లాగితే ఇంకు, తునకలు కలిసే వచ్చేస్తాయి. అందుకే అనుభవమున్న చోట పెన్ను గీతతో ఆగరు, అచ్చు వేశాక టేప్ పరీక్ష కూడా చేస్తారు. తడవడం వేరు, అంటుకోవడం వేరు. డైన్ పెన్ను మొదటిదాన్నే చెప్పగలదు.

రెండోది, ఫిల్మ్‌లో ముందే కలిపిన సరుకు. కవర్లు ఒకదాని మీద ఒకటి జారాలని పాలిథిన్‌లో ఎరుకమైడ్ లాంటి జారుడు మందులు కలుపుతారు. అవి లోపలే కూర్చోవు. గంటలు, రోజులు గడిచేకొద్దీ మెల్లగా పైకి వచ్చి పొరలా పరుచుకుంటాయి. ఈరోజు ట్రీట్ చేసిన ముఖం మీద రేపటికి జిడ్డు దుప్పటి కప్పినట్టవుతుంది. ప్లాస్మా తెచ్చిన కొక్కేలు కిందే ఉంటాయి, కానీ ఇంకుకి అందవు. ఇక్కడ తప్పు ఇంకు మీదకు నెట్టడం తేలిక. నిజం కనుక్కోవాలంటే రోల్ ఎప్పుడు తయారైంది, ఏ గోదాములో ఎన్ని రోజులు ఉంది, ఎంత వేడిలో ఉంది అన్నవి అడగాలి.

మూడోది తమాషాగా వెనక వైపు జరుగుతుంది. ఫిల్మ్‌కి రోలర్‌కి మధ్య చిన్న ముడత పడి గాలి చిక్కితే, ఆ గాలిలో కూడా ప్లాస్మా అంటుకుంటుంది. అప్పుడు ట్రీట్ కాకూడని లోపలి ముఖం కూడా ట్రీట్ అయిపోతుంది. పాల ప్యాకెట్‌కి వేడితో అతుకు వేసేది ఆ లోపలి ముఖం మీదే. ఆక్సిజన్ పట్టిన ముఖాలు శుభ్రమైన పాలిథిన్ ముఖాలంత బాగా కరిగి కలవవు. అతుకు బలహీనపడుతుంది. రోల్‌లో పొరలు ఒకదానికొకటి అంటుకుపోయే జబ్బు కూడా దీంతోనే వస్తుంది. పైన అచ్చు బ్రహ్మాండంగా ఉండి, కింద అతుకు దగ్గర పాలు కారే ప్యాకెట్‌కి మూలం ఒక్కోసారి ఇలా ఒక ముడతలో ఉంటుంది.

ఇక కాలం సంగతి. ట్రీట్ చేసిన ఉపరితలం నిలకడగా ఉండదు. కొత్తగా మొలిచిన ఆక్సిజన్ సమూహాలకు బయటి గాలి నచ్చదు, గొలుసులు మెల్లగా మెలితిరిగి వాటిని లోపలికి తిప్పుకుంటాయి. ఎంత త్వరగా తిప్పుకుంటాయి అన్నది ఆ ప్లాస్టిక్ ఎంత బిగువుగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. సిలికాన్ రబ్బరు గొలుసులు గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు ద్రవంలా కదులుతుంటాయి. ఆక్సిజన్ ప్లాస్మాలో పెట్టి తీస్తే నీరు దాని మీద చక్కగా పరుచుకుంటుంది, కొన్ని గంటల్లోనే ఆ గుణం తగ్గిపోవడం మొదలవుతుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్‌లకు ఇది రోజులు, వారాల వ్యవహారం. పాలీస్టైరిన్ గొలుసులు సుమారు 100 డిగ్రీల దాకా బిగుసుకునే ఉంటాయి, అందుకే దాని మీద మార్పు చాలాకాలం నిలుస్తుంది. ఒక పద్ధతి ఒక పదార్థం మీద పనిచేసిందని చెప్పి ఇంకోదానికి అదే లెక్క కట్టడం ఎందుకు ప్రమాదమో ఈ మూడు ఉదాహరణలే చెబుతాయి. ట్రీట్‌మెంట్ చేసిన వెంటనే కొలిచిన అంకె సగం సమాధానమే. వాడే రోజున ఎంత ఉంటుందన్నదే మిగతా సగం.

ఈ బిగువు వల్ల మేలు పొందిన రంగం జీవశాస్త్రం. ల్యాబుల్లో కణాలు పెంచే ఫ్లాస్కులు, పళ్లేలు ఎక్కువగా పాలీస్టైరిన్‌తో చేస్తారు. పారదర్శకం, చవక, సూక్ష్మదర్శిని కింద చక్కగా కనబడుతుంది. కానీ మామూలు పాలీస్టైరిన్ నీటిని దూరం పెడుతుంది, చాలా రకాల కణాలు దాని మీద కుదురుగా కూర్చోవు. ప్లాస్మాతో ఆక్సిజన్ సమూహాలు ఎక్కిస్తే, పెంపక ద్రవంలోని ఫైబ్రొనెక్టిన్, విట్రొనెక్టిన్ లాంటి ప్రోటీన్లు ముందు సరైన తీరులో అతుక్కుంటాయి. కణం వచ్చి ఆ ప్రోటీన్లను పట్టుకుంటుంది. హైదరాబాద్‌లో అయినా, ఇంకే ఊళ్లో అయినా ఈ పని చేసే పరిశోధకులు రోజూ విప్పే స్టెరైల్ ప్యాకెట్ల వెనక ఈ ట్రీట్‌మెంట్ ఉంటుంది. ప్యాకెట్ నెలల తరబడి అరలో ఉన్నా పనిచేస్తుందంటే అది పాలీస్టైరిన్ గొలుసుల పుణ్యమే.

కాంటాక్ట్ లెన్సుల కథ ఇంకో మలుపు చూపిస్తుంది. కంటికి ఆక్సిజన్ బాగా అందించే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు 1999 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చాయి. సిలికాన్‌కి నీరంటే పడదు, కన్నీరు దాని మీద పరుచుకోదు. అందుకే తొలి లెన్సుల్లో ఒకదానికి ప్లాస్మాతో సుమారు పాతిక నానోమీటర్ల పూత వేశారు, మరోదాని ఉపరితలాన్ని ప్లాస్మాతో ఆక్సీకరించి గాజులాంటి దీవులుగా మార్చారు. తరవాత వచ్చిన కొన్ని లెన్సుల్లో తడిని పట్టి ఉంచే పాలిమర్‌ని లెన్స్ లోపలే కలిపేశారు, ప్లాస్మా అవసరం లేకపోయింది. ఉపరితలాన్ని విడిగా దిద్దడం ఎప్పుడూ చివరి మాట కాదు. పదార్థాన్నే మార్చగలిగితే ఆ దారి కూడా చూడాల్సిందే.

మన దేశంలో ఈ రంగంలో ముచ్చటైన ఉదాహరణ ఒకటుంది. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థ 1989లో ఆదిత్య టోకమాక్ మొదలుపెట్టింది. టోకమాక్ అంటే ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించి ఉంచే యంత్రం. లక్షల డిగ్రీల ప్లాస్మాతో సంలీన శక్తి ప్రయోగాలు అక్కడివే. అదే సంస్థ పారిశ్రామిక విభాగం, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌తో కలిసి అంగోరా కుందేలు బొచ్చు మీద పని చేసింది. హిమాలయ ప్రాంతాల్లో ఈ కుందేళ్లను పెంచుతారు. బొచ్చు గొర్రె ఉన్ని కంటే సన్నగా, చాలా మెత్తగా, మంచి వెచ్చదనంతో ఉంటుంది. అసలు చిక్కు ఆ మెత్తదనమే. పోగులు మరీ నునుపు. దారం వడుకుతుంటే ఒకదానిని ఒకటి పట్టుకోకుండా జారిపోతాయి, నేశాక బొచ్చు రాలుతుంది. అందుకే గొర్రె ఉన్ని కలపక తప్పేది కాదు. వాతావరణ పీడనంలోనే, వ్యాక్యూమ్ గొడవ లేకుండా, ప్లాస్మా గుండా పోగుల్ని పంపితే పైన నానోమీటర్ల స్థాయిలో గరుకుదనం వస్తుంది, పోగుల మధ్య రాపిడి పెరుగుతుంది. దాంతో వంద శాతం అంగోరా దారం వడకడం సాధ్యమైంది. చేతికి తగిలే మెత్తదనం పోలేదు, ఎందుకంటే వేలికి ఆ గరుకు అందదు. ఆ యంత్రాన్ని హిమాచల్‌లోని కులూలో పెట్టారు. టెక్నాలజీ అంటే ఏదో మహానగరంలో తెల్లకోట్ల మధ్య ఉండేదే అనుకునేవాళ్లకు ఇది చెప్పాల్సిన విషయం.

అంగోరా పని గాలితోనే అయింది. వ్యాక్యూమ్ ఛాంబర్‌లో చేసే ట్రీట్‌మెంట్‌లో అయితే ఏ వాయువు వదిలితే ఆ ఫలితం. ఆక్సిజన్ వదిలితే నీటిని ప్రేమించే ఉపరితలం, అమోనియా వదిలితే నైట్రోజన్ ఉన్న అమైన్ సమూహాలు. ఫ్లోరిన్ ఉన్న వాయువు వదిలితే దానికి పూర్తిగా వ్యతిరేకం, బట్ట మీద నీటిబొట్టు తామరాకు మీదిలాగే దొర్లిపోతుంది. ఆర్గాన్ లాంటి జడవాయువు అయితే గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసి పైపొరను గట్టిపరుస్తుంది.

లోహాల దగ్గరకొస్తే ఇదే ఆలోచన వేడెక్కుతుంది. గేర్లు, క్రాంక్‌షాఫ్ట్‌లను 500 డిగ్రీల ప్రాంతంలో నైట్రోజన్, హైడ్రోజన్ ప్లాస్మాలో ఉంచితే నైట్రోజన్ ఉక్కులోకి ఇంకి పైపొర గట్టిపడుతుంది. ఇక్కడ లోతు నానోమీటర్లు కాదు, పదుల నుంచి వందల మైక్రాన్లు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ కూడా ఈ కుటుంబంలోదే. అల్యూమినియం భాగాన్ని క్షార ద్రావణంలో ముంచి వందల వోల్టులు ఇస్తే దాని ఒళ్లంతా చిట్టి చిట్టి నిప్పురవ్వలు మెరుస్తాయి. ఆ రవ్వల దగ్గర అల్యూమినియమే గట్టి సిరామిక్ పొరగా మారిపోతుంది. పైన పూసింది కాదు, లోహంలోంచే పుట్టింది, కాబట్టి అంత తేలిగ్గా ఊడదు.

చిప్‌ల తయారీలో ప్లాస్మా చేసే పని చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. ఒక్క ప్రయోగం మాత్రం ఇక్కడే చెప్పుకోవాలి. 1979లో కోబర్న్, వింటర్స్ అనే ఐబీఎం శాస్త్రవేత్తలు సిలికాన్ మీదకు ముందు ఫ్లోరిన్ ఇచ్చే వాయువును మాత్రమే వదిలారు. కొద్దిగా కరిగింది. ఆర్గాన్ అయాన్లను మాత్రమే వదిలితే అదీ కొద్దిగానే. రెండూ కలిపి వదిలితే, విడివిడి ఫలితాలను కూడితే వచ్చేదానికి ఎన్నో రెట్లు వేగంగా సిలికాన్ తరిగిపోయింది. రసాయనం ఒక్కటీ, దెబ్బ ఒక్కటీ కాక రెండూ కలిసినప్పుడే ప్లాస్మాకు ఆ బలం వస్తుందని అది తేల్చింది. అయాన్లు నిటారుగా కిందకే వస్తాయి కనుక గాడి కూడా నిటారుగా తెగుతుంది. ఈనాటి ప్రాసెసర్లు దాని మీదే నిలబడ్డాయి.

పర్యావరణం కోణంలో ప్లాస్మాకు గట్టి వాదన ఉంది. ప్లాస్టిక్ మీద లోహపు పూత నిలవాలని క్రోమిక్ ఆమ్లంలో ముంచేవాళ్లు, అందులోని ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ కారకం. ఉన్ని ముడుచుకోకుండా ఉండాలని క్లోరిన్‌తో ట్రీట్ చేస్తారు, ఆ వ్యర్థజలంలో క్లోరిన్ పట్టిన సేంద్రియ పదార్థాలు మిగులుతాయి. మైక్రో ఆర్క్ లాంటివి తప్పిస్తే, ప్లాస్మా పొడిగా చేసే పని. తొట్టి లేదు, ఆ తొట్టిలోంచి కాలువలో కలిసే నీళ్లు లేవు. ఇది చిన్న మేలు కాదు. అయితే ఫ్లోరిన్ పూతల విషయంలో ఈ వాదన అంత నిలబడదు. పూత వేసే పద్ధతి శుభ్రమైనంత మాత్రాన, తరతరాలు విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ పదార్థాల బెడద తీరిపోదు. వ్యాక్యూమ్ పంపులకూ ఛాంబర్లకూ అయ్యే ఖర్చు, ఒక్కో విడత సరుకు లోపల పెట్టి తీసేందుకు పట్టే సమయం చిన్న యూనిట్లకు ఇప్పటికీ భారమే. సన్నటి గొట్టాల లోపలి గోడల్ని సమంగా ట్రీట్ చేయడం కూడా తేలిక కాదు, ప్లాస్మా అంత ఇరుకులోకి సులువుగా దూరదు.

పాల ప్యాకెట్ దగ్గరే ఇంకో ప్రశ్న మిగులుతుంది. వాడేసిన కవరును కరిగించి మళ్లీ వాడాలంటే ఈ ట్రీట్‌మెంట్ అడ్డమా? కాదు. పదివేలలో ఒకటి రెండు వంతులున్న ఆ పొర కరిగిన పాలిథిన్‌లో ఆనవాలు లేకుండా కలిసిపోతుంది. అడ్డం వచ్చేది దాని మీద నిలిచిన ఇంకు. రంగులు కలిసిన గుజ్జు మసకబారి, ముదురు రంగు కవర్లకే పనికొస్తుంది. అందుకే ఇంకును పోగొట్టే పద్ధతుల మీద ఇప్పుడు పని జరుగుతోంది. అచ్చు ఎంత గట్టిగా నిలిచి ఉంటే, ఆ పని అంత కష్టం.